డార్క్ చాక్లెట్ - ఆరోగ్యం

కోకో గింజల ముద్ద, కోకో వెన్న, చక్కెర కలిపి, పాలు లేకుండానో నామమాత్రంగా వేసో చేసే చాక్లెట్‌ను డార్క్ చాక్లెట్ అంటారు. గుండెకు మంచిదనీ, బీపీ తగ్గిస్తుందనీ, షుగర్ ఉన్నవాళ్లు కూడా తినవచ్చనీ, జ్ఞాపకశక్తి పెంచుతుందనీ ఇరవై ఏళ్లుగా దీనికి పేరొచ్చింది. ఆ పేరు పూర్తిగా అబద్ధం కాదు, పూర్తిగా నిజమూ కాదు. కోకో గింజలో సహజంగా ఉండే ఫ్లావనాల్స్ అనే పదార్థాలు రక్తనాళాలకు కొంత మేలు చేస్తాయని పరిశోధనలు చూపాయి. ఆ పదార్థాలు గింజ నుంచి బార్ దాకా వచ్చేసరికి ఎంత మిగులుతాయి, వాటితో పాటు ఎంత చక్కెర, కొవ్వు కడుపులోకి వెళ్తాయి అన్నదాన్ని బట్టే డార్క్ చాక్లెట్ మంచిదా కాదా అన్నది తేలుతుంది.

గింజ పండే చోటు

కోకో చెట్టు అమెజాన్ పరీవాహక ప్రాంతానికి చెందింది. నీడ, తేమ, ఏడాదికి 1500 నుంచి 2000 మిల్లీమీటర్ల వాన దీనికి ఇష్టం. మన దేశంలో కోకో అత్యధికంగా పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే. ఏలూరు, పశ్చిమ గోదావరి, తూర్పు గోదావరి, కోనసీమ జిల్లాల్లో కొబ్బరి, ఆయిల్ పామ్ తోటల్లో అంతర పంటగా వేస్తారు. పెద్దచెట్ల నీడ కోకోకు కలిసొస్తుంది, రైతుకు అదే నేల మీద రెండో ఆదాయం వస్తుంది. అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన స్థానం కొబ్బరితో పాటు ఈ అంతర పంట మీద కూడా పనిచేస్తోంది. ఈ గింజలు చాలాకాలం పెద్ద కంపెనీల ఫ్యాక్టరీలకే వెళ్లేవి. ఇప్పుడు గోదావరి గింజలతోనే ఇక్కడే చాక్లెట్ చేసే సంస్థలు వచ్చాయి. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 2023లో మొదలైన మనం చాక్లెట్ వాటిలో పేరున్నది.

అదే రాష్ట్రంలోని పల్నాడు జిల్లా వెల్దుర్తిలో మాత్రం కోకో పండదు. మాచర్లకు దక్షిణాన నల్లమల అంచున ఉన్న ఈ మండలం మెట్ట ప్రాంతం. మిర్చి, పత్తి, కంది ఇక్కడి పంటలు. వరికపూడిశెల ఎత్తిపోతల పథకం నీళ్ల కోసం ఈ ఊళ్లు ఏళ్లుగా ఎదురుచూస్తున్నాయి. కోకో కోరే వానలో ఇక్కడ కురిసేది సగం దగ్గరే ఆగిపోతుంది. ఎండల సంగతి చెప్పాలంటే, రాష్ట్రంలోనే అత్యధిక ఉష్ణోగ్రతలకు పేరుపడ్డ రెంటచింతల ఈ జిల్లాలోదే. చాక్లెట్ ఈ ఊళ్లకు బయటి నుంచి రావాల్సిందే. కిరాణా కొట్లో కూల్‌డ్రింకుల ఫ్రిజ్ పై అరలోనో, అమెరికా నుంచి సెలవులకు వచ్చిన చుట్టాల సూట్‌కేసులోనో కనిపిస్తుంది. షుగర్ ఉన్న పెద్దవాళ్ల చేతిలో పెడుతూ "ఇది డార్క్, మీకేం కాదు" అనడం ఇప్పుడు చాలా ఇళ్లలో వినిపించే మాట. ఆ మాటలో నిజమెంతో తెలియాలంటే ముందు గింజ ఎలా తయారవుతుందో చూడాలి.

కాయ నుంచి బార్ దాకా

ఒక్కో కోకో కాయలో తెల్లటి జిగురు గుజ్జుతో కప్పిన గింజలు 30 నుంచి 45 దాకా ఉంటాయి. పచ్చిగింజను కొరికితే లోపల ఊదా రంగు, నోరంతా వగరు. ఆ వగరే ఫ్లావనాల్స్. వాటిలో ముఖ్యమైనది ఎపికాటెచిన్. పచ్చిగింజకు చాక్లెట్ వాసన గానీ రుచి గానీ ఉండవు. కాయ పగలగొట్టి గుజ్జుతో సహా గింజల్ని చెక్కపెట్టెల్లోనో బుట్టల్లోనో పోసి, పైన అరిటాకులు కప్పి ఐదారు రోజులు పులియబెడతారు. మధ్యమధ్య తిరగేస్తారు. ఈస్ట్, బాక్టీరియా పనిచేసి గుట్ట లోపలి వేడి 50 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి చేరుతుంది. గింజ లోపలి మొలక చచ్చిపోతుంది, ఊదా రంగు పోయి గోధుమ రంగు వస్తుంది, వగరు తగ్గుతుంది. తర్వాత తేమ ఆరేడు శాతానికి దిగేదాకా ఎండబెడతారు.

చాక్లెట్ రుచికి పునాది ఈ పులియబెట్టడమే. ఎపికాటెచిన్ పెద్దమొత్తంలో పోయేదీ ఇక్కడే. ఫ్యాక్టరీలో గింజల్ని వేయించినప్పుడు ఇంకొంత పోతుంది. బాగా పులిసి, బాగా వేగిన గింజ రుచిగా ఉంటుంది, ఫ్లావనాల్స్ తక్కువ ఉంటాయి. సరిగా పులియని గింజలో ఫ్లావనాల్స్ ఎక్కువ, కానీ ఎవరూ ఇష్టంగా తినరు. రుచిగా చేసేవాళ్లు పోగొట్టేదాన్నే ఆరోగ్యం కోసం కొనేవాళ్లు వెతుకుతున్నారు. డార్క్ చాక్లెట్ చర్చలన్నిటిలో ఎక్కువగా మరుగునపడేది ఈ సంగతే అనిపిస్తుంది.

అన్నిటికంటే పెద్ద నష్టం క్షారంతో శుద్ధి చేసినప్పుడు జరుగుతుంది. 19వ శతాబ్దంలో నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ హౌటెన్ కుటుంబం తెచ్చిన పద్ధతి ఇది. కోకోను పొటాషియం కార్బొనేట్ వంటి క్షారంతో కలిపితే పులుపు, చేదు తగ్గి రంగు ముదురుతుంది. 2008లో వచ్చిన ఒక పరిశోధనలో క్షారం తగలని కోకో పొడిలో గ్రాముకు సగటున 34.6 మి.గ్రా. ఫ్లావనాల్స్ ఉంటే, కొద్దిగా శుద్ధి చేసిన పొడిలో 13.8 మి.గ్రా., గట్టిగా శుద్ధి చేసిన పొడిలో 3.9 మి.గ్రా. మాత్రమే ఉన్నాయి. అంటే నల్లగా నిగనిగలాడే కోకోలోనే మేలు చేసే పదార్థం తక్కువ ఉండే అవకాశం ఎక్కువ. రంగు చూసి ఆరోగ్యాన్ని అంచనా వేయకూడదు.

పేరు ఎలా వచ్చింది

పనామా తీరంలోని శాన్ బ్లాస్ దీవుల్లో కూనా అనే ఆదివాసులు ఉన్నారు. వాళ్లలో వయసు పెరిగినా బీపీ పెరగడం లేదని హార్వర్డ్ వైద్య పరిశోధకుడు నార్మన్ హోలెన్‌బర్గ్ బృందం గమనించింది. 1997లో వెలువడిన వాళ్ల అధ్యయనంలో, పనామా నగరానికి వలస వెళ్లిన కూనాలకు మాత్రం అందరిలాగే బీపీ వచ్చిందని తేలింది. కాబట్టి కారణం వంశంలో లేదు, బతుకు తీరులో ఉంది. దీవుల్లో వాళ్లు రోజూ కప్పుల కొద్దీ తాగే కోకో మీద పరిశోధకుల దృష్టి పడింది. ఆ కోకో మన బార్‌ల వంటిది కాదు. దీవివాసుల తిండి వేరు, శారీరక శ్రమ వేరు. అయినా అనుమానం బలమైనది.

2006లో నెదర్లాండ్స్‌లోని జుట్ఫెన్ పట్టణపు అధ్యయనం వచ్చింది. 470 మంది వృద్ధ పురుషుల్ని పదిహేనేళ్లు గమనిస్తే, కోకో ఎక్కువ తీసుకునేవాళ్లలో బీపీ తక్కువగా, గుండెజబ్బు మరణాలు తక్కువగా కనిపించాయి. పత్రికలకు ఇంతకంటే మంచి వార్త ఏముంటుంది?

లోపల జరిగేది కూడా చాలావరకు అర్థమైంది. రక్తనాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును విడుదల చేస్తుంది. అది నాళం గోడను సడలించి రక్తం సాఫీగా పారేలా చేస్తుంది. ఈ వాయువు శరీరంలో సంకేతంగా పనిచేస్తుందని కనిపెట్టినందుకు 1998లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ వచ్చింది. ఎపికాటెచిన్ ఈ వాయువు తయారీకి, నిలకడకు తోడ్పడుతుంది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2012లో, రోజుకు 200 మి.గ్రా. కోకో ఫ్లావనాల్స్ రక్తనాళాల సడలింపు గుణాన్ని నిలబెట్టడానికి తోడ్పడతాయని ఒప్పుకుంది. ఫ్లావనాల్స్ పోకుండా ప్రత్యేకంగా చేసిన డార్క్ చాక్లెట్ అయితే 10 గ్రాములతో ఆ మోతాదు వస్తుంది. మామూలు బార్‌కు ఆ లెక్క వర్తించదు.

పరీక్షల్లో తేలింది

బీపీ విషయంలో కొక్రేన్ సంస్థ 2017లో 35 ప్రయోగాల్ని కలిపి చూసింది. వాటిలో 1804 మంది పాల్గొన్నారు. కోకో తీసుకున్నవాళ్లలో బీపీ సగటున 1.76 మిల్లీమీటర్లు తగ్గింది. పైఅంకె, కిందిఅంకె రెంటిలోనూ దాదాపు ఇంతే. ప్రయోగాలు చాలావరకు 2 నుంచి 18 వారాలే సాగాయి. ఫలితం నిజమే, చాలా చిన్నది. ఒక బీపీ మాత్ర సాధారణంగా పైఅంకెను దీనికి నాలుగైదు రెట్లు తగ్గిస్తుంది. ఆవకాయ, అప్పడం, ఎండుచేపలతో భోంచేసే మన ఇళ్లలో బీపీ ఉన్న మనిషి ఉప్పు తగ్గించుకుంటే దీనికంటే ఎక్కువ ఫలితం కనిపిస్తుంది, దానికి పైసా ఖర్చు లేదు.

ఇప్పటిదాకా జరిగిన అతిపెద్ద పరీక్ష అమెరికాలోని కాస్మోస్. 21,442 మంది పెద్దవయసువాళ్లను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు రోజూ 500 మి.గ్రా. కోకో ఫ్లావనాల్స్ ఉన్న గుళికలు, రెండో గుంపుకు ఉత్తుత్తి గుళికలు ఇచ్చారు. సగటున మూడున్నరేళ్ల పైచిలుకు గమనించి 2022లో ఫలితాలు ప్రకటించారు. గుండెపోటు, పక్షవాతం వంటివన్నీ కలిపి చూస్తే కోకో గుంపులో పది శాతం తక్కువగా కనిపించాయి గానీ, అది యాదృచ్ఛికం కాదని గట్టిగా చెప్పగలిగే తేడా కాదు. గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయినవాళ్లు మాత్రం 27 శాతం తక్కువ. ప్రధానంగా పరీక్షించిన అంశంలో తేలక, ఉప అంశంలో తేలిన ఫలితం ఇది. ఆశ కలిగిస్తుంది, తీర్పు చెప్పడానికి చాలదు. ఇదే పరీక్షలో భాగంగా రెండువేల మందికి పైగా పెద్దవాళ్ల ఆలోచనాశక్తిని మూడేళ్లు కొలిస్తే కోకో వల్ల మేలు కనిపించలేదు. కొత్తగా షుగర్ వచ్చే ముప్పూ తగ్గలేదు. మరో భాగంలో, మామూలుగా సరైన తిండి తిననివాళ్లలో జ్ఞాపకశక్తి కొద్దిగా మెరుగైంది.

కాస్మోస్‌లో ఇచ్చింది గుళికలు. చక్కెర లేదు, కొవ్వు లేదు. అంత ఫ్లావనాల్స్ మామూలు డార్క్ చాక్లెట్‌తో రాబట్టాలంటే చాలా రకాల్లో రోజుకు వంద గ్రాములు దాటి తినాలి. వంద గ్రాముల డెబ్బై శాతం డార్క్ చాక్లెట్‌లో సుమారు 600 కేలరీలు, 40 గ్రాములకు పైగా కొవ్వు ఉంటాయి. ఈ గుళికల ప్రయోగాన్ని చాక్లెట్ ప్రయోగంగా చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. పైగా ఈ రంగంలో అనేక పరిశోధనలకు డబ్బో, సరుకో చాక్లెట్ కంపెనీల నుంచే వచ్చింది. కాస్మోస్‌కు కూడా మార్స్ కంపెనీ సాయం ఉంది. అంతమాత్రాన ఫలితాలు తప్పనలేం. ఏ ప్రశ్న అడగాలో ఎంచుకోవడంలో మాత్రం డబ్బు ప్రభావం ఉంటుంది.

షుగర్ గురించి 2024 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో హార్వర్డ్ పరిశోధకుల అధ్యయనం వచ్చింది. వారానికి ఐదుసార్లైనా డార్క్ చాక్లెట్ తినేవాళ్లలో టైప్ 2 మధుమేహం 21 శాతం తక్కువగా కనిపించింది. మిల్క్ చాక్లెట్‌తో అలాంటి సంబంధం లేదు, పైగా అది తినేవాళ్ల బరువు పెరిగింది. ఈ లెక్కలు అమెరికా నర్సులు, వైద్యరంగ ఉద్యోగులవి. ఏరి డార్క్ చాక్లెట్ తినే మనిషి నడక, కూరగాయలు, వైద్యపరీక్షల విషయంలో కూడా జాగ్రత్తపరుడై ఉండవచ్చు. పరిశోధకులు ఇలాంటి తేడాల్ని లెక్కలో సర్దుబాటు చేస్తారు, పూర్తిగా తుడిచెయ్యలేరు. మూడు పూటలా అన్నం ప్రధానంగా తినే వెల్దుర్తి మనిషి మీద ఈ అంకెను నేరుగా మోపడం కుదరదు. ముఖ్యంగా, ఇది షుగర్ రానివాళ్ల గురించిన అధ్యయనం. షుగర్ ఉన్నవాళ్లు తింటే తగ్గుతుందని ఇందులో ఎక్కడా లేదు.

చాక్లెట్ తింటే బరువు తగ్గుతారన్న వార్త 2015లో ప్రపంచమంతా తిరిగింది. అది జాన్ బొహానన్ అనే విజ్ఞాన పాత్రికేయుడు కావాలని చేసిన పని. పదిహేను మందిపై చిన్న ప్రయోగం చేసి, పద్దెనిమిది రకాల కొలతలు తీసి, వాటిలో కలిసొచ్చినదాన్ని పట్టుకుని వ్యాసం అచ్చేయించాడు. పత్రికలు ఎంత సులువుగా నమ్ముతాయో చూపడమే అతని ఉద్దేశం. నిజం బయటపెట్టాక కూడా ఆ వార్త అక్కడక్కడా బతికే ఉంది.

పొట్లం వెనక

మాచర్లలోనో నరసరావుపేటలోనో సూపర్ మార్కెట్లో డార్క్ అని రాసిన బార్ తీసి వెనక్కి తిప్పితే పదార్థాల వరుస ఉంటుంది. ఎక్కువ బరువున్నది ముందు రాయాలన్నది నియమం. మొదటి మాట చక్కెర అయితే ఆ బార్‌లో అన్నిటికంటే ఎక్కువున్నది చక్కెరే. తర్వాత కోకో ఘనపదార్థాలు, కోకో వెన్న, 442, 476 వంటి అంకెలతో ఎమల్సిఫయర్లు కనిపిస్తాయి. ఈ అంకెలతో భయపడాల్సిన పని లేదు. చూడాల్సినవి వేరే ఉన్నాయి. కోకో వెన్నకు బదులు హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ అని ఉంటే అది చౌకరకం కాంపౌండ్, కోకో పేరుతో అమ్మే నూనె ముద్ద. కోకోను క్షారంతో శుద్ధి చేసినట్టు రాసి ఉంటే ఫ్లావనాల్స్ మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు.

శాతం అంకె దగ్గర చాలామంది పొరబడతారు. 70 శాతం అంటే గింజ నుంచి వచ్చిన ముద్ద, వెన్న కలిపి 70 వంతులని అర్థం. మిగతా 30 దాదాపు అంతా చక్కెరే. ఆ అంకె చక్కెర గురించి చెబుతుంది, ఫ్లావనాల్స్ గురించి చెప్పదు. 50 శాతం బార్‌లో 20 గ్రాముల ముక్క తింటే రెండు చెంచాల చక్కెర తిన్నట్టే. 85 శాతంలో అదే ముక్కకు మూడు గ్రాములే. షుగర్ ఉన్న పెద్దాయనకు ఏదో ఒకటి ఇవ్వాల్సే వస్తే, పండక్కి రెండు అరిసెల బదులు 85 శాతం ముక్క ఒకటి ఇవ్వడంలో అర్థముంది. అరిసెలు తిన్నాక పైన ఇది కూడా తింటే అర్థం లేదు. షుగర్ ఫ్రీ అని రాసిన రకాల్లో తరచుగా మాల్టిటాల్ వాడతారు. అది కూడా రక్తంలో చక్కెరను కొంత పెంచుతుంది, ఎక్కువ తింటే విరేచనాలు అవుతాయి.

కోకో వెన్న గురించి ఒక మంచిమాట చెప్పుకోవాలి. అందులో సుమారు మూడోవంతు స్టియరిక్ ఆమ్లం. అది సంతృప్త కొవ్వే అయినా రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ను పెద్దగా పెంచదు. మరో మూడోవంతు ఆలివ్ నూనెలో ఉండే ఓలియిక్ ఆమ్లం. మిగతా దానిలో ఎక్కువ భాగం పామిటిక్, దానికి ఆ మంచితనం లేదు.

రక్తహీనత, లోహాలు

డార్క్ చాక్లెట్‌లో ఇనుము ఎక్కువ, తింటే రక్తం పడుతుంది అన్న ప్రచారం మన దగ్గర పట్టించుకోవాల్సిన విషయం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. వంద గ్రాముల గాఢమైన డార్క్ చాక్లెట్‌లో సుమారు 12 మి.గ్రా. ఇనుము ఉండే మాట నిజం. కానీ కోకోలోని వగరు పదార్థాలే ఇనుమును పట్టుకుని ఒంటికి అందకుండా చేస్తాయి. 1999 నాటి ఒక పరిశోధనలో భోజనంతో కోకో తాగితే ఇనుము శోషణ 71 శాతం తగ్గింది. మిరప కోతల్లో, పత్తితీతలో రోజంతా ఎండలో వంగి పనిచేసే ఆడవాళ్లకు, గర్భిణులకు ఇనుము మాత్రకు బదులు చాక్లెట్ చెప్పడం అన్యాయం. మాత్ర వేసుకునేవాళ్లు టీ, కోకో రెంటినీ గంట రెండుగంటలు ఎడంగా పెట్టుకోవాలి. ఇనుముకు ఇంట్లో ఉన్న తోటకూర, రాగులు, నువ్వులు, బెల్లం పాకం పట్టిన పల్లీలు, వాటితో పాటు నిమ్మకాయ పిండుకోవడం మేలు. మాంసం తినేవాళ్లకు మాంసం, కాలేయం ఇంకా మేలు.

2022 డిసెంబరులో అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ 28 డార్క్ చాక్లెట్ బార్‌లను పరీక్షిస్తే అన్నిటిలోనూ కాడ్మియం, సీసం కనిపించాయి. 23 బార్‌లలో, రోజుకు 28 గ్రాములు తింటే ఆ సంస్థ కొలబద్దగా తీసుకున్న కఠినమైన పరిమితి దాటేంతగా ఈ రెంటిలో ఒకటైనా ఉంది. కాడ్మియం నేల నుంచి వేళ్ల ద్వారా గింజకు చేరుతుంది. లాటిన్ అమెరికాలోని కొన్ని నేలల్లో ఇది ఎక్కువ. సీసం మాత్రం కాయ కోసిన తర్వాత, ఆరుబయట ఎండబెట్టేటప్పుడు దుమ్ముతో గింజ పొట్టుకు అంటుకుంటుంది. అందువల్ల గింజల్ని రోడ్డు పక్కన ఆరబోయకుండా ఎత్తు బల్లల మీద ఆరబెట్టడం తినేవాళ్ల ఆరోగ్యానికి కూడా సంబంధించిన పని. అప్పుడప్పుడు ఒక ముక్క తినే పెద్దవాళ్లకు ఇదంతా ఆందోళన కలిగించదు. రోజూ తినేవాళ్లు, గర్భిణులు, చిన్నపిల్లలు మోతాదు తగ్గించుకోవాలి.

ఎవరు దూరంగా ఉండాలి

కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు జాగ్రత్తపడాలి. కోకోలో ఆక్సలేట్లు ఎక్కువ, ఎక్కువగా ఏర్పడే రాళ్లు కాల్షియం ఆక్సలేట్‌వే. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు పొటాషియం, భాస్వరం కారణంగా వైద్యుణ్ని అడగకుండా తినకూడదు. కారం బాగా తిని ఛాతీలో మంట తెచ్చుకునేవాళ్లకు చాక్లెట్ ఆ మంటను పెంచవచ్చు, ఎందుకంటే అన్నవాహిక అడుగున ఉండే బిగువును అది వదులు చేస్తుంది. గాఢమైన డార్క్ చాక్లెట్ వంద గ్రాములకు 80 మి.గ్రా. కెఫీన్, 800 మి.గ్రా. థియోబ్రొమిన్ ఉంటాయి కాబట్టి నిద్ర సరిగా పట్టనివాళ్లు రాత్రిపూట మానుకోవడం మంచిది. ఇంట్లో కుక్క ఉంటే దానికి అసలు వెయ్యకూడదు. థియోబ్రొమిన్ కుక్కలకు విషం.

ఇవేవీ లేని మనిషి రోజుకు పది ఇరవై గ్రాములు, 70 శాతానికి పైబడినది, మరో తీపికి బదులుగా తింటే అభ్యంతరం ఉండదు. దానికోసం అప్పటిదాకా అలవాటు లేని ఖర్చు నెత్తిన వేసుకోనక్కర్లేదు. 2024లో పశ్చిమాఫ్రికా పంట దెబ్బతిని కోకో ధర ప్రపంచ మార్కెట్లో టన్నుకు పదివేల డాలర్లు దాటింది. ఏలూరు వైపు రైతుకు ఎండుగింజ కిలో వెయ్యి రూపాయల దాకా పలికి, మరుసటి ఏడు సగానికి పడిపోయింది. అంగట్లో బార్ ధర మాత్రం ఆ వేగంతో దిగలేదు. ఫ్లావనాల్స్ కోసమే అయితే, ఆ జాతి పదార్థాలు టీలో, ద్రాక్షలో, యాపిల్‌లో, పల్లీల ఎర్రపొట్టులో కూడా ఉన్నాయి.

ఎండాకాలం

మంచి డార్క్ చాక్లెట్ 34 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. నోట్లో వెన్నలా కరగడానికి కారణం అదే. మాఘం దాటాక పల్నాడులో పగటిపూట గదిలో పెడితే నిలవదు. కరిగి మళ్లీ గట్టిపడ్డ బార్ మీద బూడిదరంగు తెల్లపొర వస్తుంది. బూజు పట్టిందని చాలామంది పారేస్తారు. అది పైకి తేలిన కోకో వెన్న. హాని లేదు, కొరికినప్పుడు వచ్చే టక్కుమనే విరుపు, మెరుపు పోతాయి, అంతే. పాయసంలోనో పాలల్లోనో కరిగించి వాడుకోవచ్చు. ఫ్రిజ్‌లో పెట్టేటప్పుడు గాలి చొరని డబ్బాలో పెట్టాలి, లేకపోతే పక్కనున్న ఉల్లిపాయ, ఊరగాయ వాసనలన్నీ పట్టేస్తాయి. బయటికి తీశాక డబ్బా మూత వెంటనే తియ్యకుండా పావుగంట ఆగితే బార్ మీద చెమ్మ పట్టదు.